మర్చిసన్ ఉల్కాశిలలో అమైనో ఆమ్లాలు: అవి అంతరిక్షానివో, పొలం మట్టివో తేల్చిన తీరు

1969 సెప్టెంబరు 28 ఉదయం ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, మర్చిసన్ అనే చిన్న ఊరి మీద ఒక ఉల్క పగిలి ముక్కలై రాలింది. అందులో 680 గ్రాముల ముక్క ఒకటి ఇంటికప్పును చీల్చుకుని ఎండుగడ్డిలో పడింది. మొత్తం మీద దొరికింది సుమారు 100 కిలోలు. ముక్కల దగ్గర స్పిరిట్ లాంటి వాసన వచ్చిందని ఊరివాళ్లు చెప్పారు. శిల తరగతి సీఎం2 కార్బనేషియస్ కాండ్రైట్: బరువులో దాదాపు 2 శాతం కార్బన్, మాతృగ్రహశకలం మీద ఉన్నప్పుడే నీటిలో నాని మెత్తబడిన ఖనిజాలు, 456 కోట్ల ఏళ్ల నాటి పదార్థం.

1970 డిసెంబరులో నాసా ఏమ్స్ కేంద్రం నుంచి కీత్ క్వెన్‌వోల్డెన్, శ్రీలంకలో పుట్టిన సిరిల్ పొన్నంపెరుమ, వారి సహచరులు ఫలితం ప్రకటించారు. శిలలో ప్రొటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలైన గ్లైసిన్, అలనిన్, వాలిన్, ప్రోలిన్, గ్లుటామిక్ ఆమ్లం ఉన్నాయి. వాటితో పాటు మన ప్రొటీన్లలో కనిపించని 2-మిథైల్ అలనిన్, సార్కోసిన్ కూడా ఉన్నాయి. ఈ కేసులో అసలు ప్రశ్న "గ్లైసిన్ ఉందా?" అన్నది కాదు. పొలంలో పడి, మనిషి చేతిలోకి వచ్చిన ఏ రాయిలోనైనా గ్లైసిన్ దొరుకుతుంది. ఆ గ్లైసిన్ ఎక్కడ పుట్టిందన్నదే ప్రశ్న. దానికి ఏ ఒక్క కొలత నుంచీ జవాబు రాదు. బ్లాంక్ (శిల లేకుండా అదే పని నడిపి చూసే పోలిక నమూనా), ఐసోమర్ల (అవే పరమాణువులు వేరే అమరికలో ఉన్న అణువుల) వరస, కుడి-ఎడమ నిష్పత్తి (ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లాంటి డి, ఎల్ రూపాల నిష్పత్తి), ఐసోటోపులు (ఒకే మూలకానికి చెందిన వేర్వేరు బరువుల పరమాణువులు) — ఈ నాలుగూ ఒకే మాట చెప్పినప్పుడే తీర్పు నిలుస్తుంది. కిందంతా ఆ నాలుగింటి పనే.

అంతకుముందు జరిగిన పాడు

మర్చిసన్ కంటే ముందు ఈ రంగానికి అంత మంచి పేరు లేదు. 1864 మే 14న ఫ్రాన్సులో పడిన ఆర్గీల్ శిలలో జీవకణాల లాంటివి ఉన్నాయని 1960ల మొదట్లో గట్టి వాదన నడిచింది. ఆ వేడిలోనే దాని ముక్క ఒకదాన్ని పరిశీలిస్తే లోపల రెల్లుజాతి మొక్క విత్తనాలు, బొగ్గుపొడి, జిగురు బయటపడ్డాయి. అది పడిన కాలంలోనే ఎవరో కావాలని చేసిన మోసం. 1965లో వచ్చిన మరో పని ఇంకా తీవ్రమైన దెబ్బ. మనిషి వేలిముద్రలోని స్వేచ్ఛా అమైనో ఆమ్లాలను కొలిచి చూస్తే, అప్పటిదాకా కొన్ని శిలల్లో దొరికాయన్న జాబితా వేలిముద్ర జాబితాను పోలి ఉంది. రెండింట్లోనూ సెరిన్ ఎక్కువ. ఇప్పటికీ క్రొమటోగ్రామ్‌లో (విడదీసిన ఒక్కో పదార్థాన్ని ఒక్కో శిఖరంగా చూపే గ్రాఫులో) సెరిన్ శిఖరం ఎత్తుగా కనిపిస్తే ముందు చేతి తొడుగులనే అనుమానించాలి.

మర్చిసన్‌కు కాలం కలిసొచ్చింది. అపోలో 11 తెచ్చిన చంద్రశిలల్లో లేశమాత్రపు సేంద్రియ పదార్థాన్ని వెతకడానికి శుభ్రమైన గదులు, సున్నితమైన పరికరాలు 1969 జులైకే సిద్ధమై ఉన్నాయి. రెండు నెలలకు ఈ శిల పడింది.

ముక్కను ఎంచుకోవడం, బ్లాంక్ నడపడం

గాలిలో దూసుకొచ్చేటప్పుడు కరిగే పైపొర సుమారు మిల్లీమీటరు మందమే. లోపలికి ఆ వేడి చేరే సమయం ఉండదు. కాబట్టి నల్లటి పైపొర ఉన్న వైపు వదిలేసి, పగుళ్లు లేని లోపలి భాగం తీసుకోవాలి. పాత పగులు ఉంటే అందులోంచి నేల తేమ లోపలికి వెళ్లి ఉంటుంది. పైకి చక్కగా కనిపించే ముక్కలో కూడా తుప్పురంగు గీత కనిపిస్తే పక్కన పెట్టేయడమే మేలు. నీళ్లతో చల్లబరుస్తూ తిరిగే రంపంతో కోయకూడదు. అమైనో ఆమ్లాలు నీటిలో కరిగేవే కాబట్టి కోతలోనే కొంత పోతుంది, బయటిది కొంత చేరుతుంది. ఉలితో పగలగొట్టి లోపలి ముక్క తీయాలి.

గాజు సామాను, అల్యూమినియం రేకు, సిరామిక్ కల్వం అన్నీ 500 డిగ్రీల సెల్సియస్‌లో రాత్రంతా కాల్చాలి. కల్వంలో నూరడం వడపోసిన గాలి వీచే హుడ్ కిందే జరగాలి. శిలతో పాటు పక్కనే బ్లాంక్ నడవాలి. దీనికి ఉత్త నీరు సరిపోదు. శిలలో ఉన్నలాంటి ఖనిజమే కావాలి: 500 డిగ్రీల్లో కాల్చిన సర్పెంటైన్ పొడి దీనికి బాగా పనికొస్తుంది. అదే కల్వం, అదే ఆమ్లం, అదే కాలమ్, అదే రోజు. బ్లాంక్‌లో గ్లైసిన్ కొద్దిగా కనిపించడం మామూలే. ఆ మొత్తాన్ని శిల విలువ నుంచి తీసేయాలి. తీసేశాక మిగిలేది కొలతలోని అనిశ్చితి కంటే చిన్నదైతే "దొరికింది" అని రాయకూడదు.

పరిమాణాల మీద అంచనా ఉండాలి. మర్చిసన్‌లో ఎక్కువగా ఉండే గ్లైసిన్, 2-మిథైల్ అలనిన్ లాంటివి ఒక్కొక్కటి గ్రాము రాయికి కొన్ని మైక్రోగ్రాములు. గ్రాముకు 3 మైక్రోగ్రాములు అనుకుంటే, 100 మిల్లీగ్రాముల పొడిలో చేతికొచ్చేది 0.3 మైక్రోగ్రాము. అంత తక్కువ సరుకు మీద పని చేస్తున్నప్పుడు చెమట అంటిన వేలు ఒక్కసారి తగిలినా చాలు, లెక్క తలకిందులవుతుంది.

సారం తీయడం

100 నుంచి 500 మిల్లీగ్రాముల పొడిని గాజు ఆంప్యూల్‌లో వేసి, 1 మిల్లీలీటరు అతిశుద్ధ జలం పోసి, ఆంప్యూల్ మెడను మంటతో కరిగించి మూసేయాలి. మూతలు, రబ్బరు, ప్లాస్టిక్ వద్దు. 100 డిగ్రీల్లో 24 గంటలు ఉంచాలి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైనీరు తీసుకుని, మిగిలిన పొడిని మళ్లీ శుభ్రజలంతో కడిగి ఆ నీటిని కూడా కలపాలి. దాన్ని రెండు భాగాలు చేయాలి. ఒకటి అలాగే ఉంచితే స్వేచ్ఛగా ఉన్న అమైనో ఆమ్లాలు తెలుస్తాయి. రెండోదాన్ని శూన్యంలో ఎండబెట్టి, 6 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిలో 150 డిగ్రీల వద్ద 3 గంటలు ఉంచి జలవిశ్లేషణ చేయాలి. మర్చిసన్‌లో ఈ దశ తర్వాత మొత్తం దాదాపు రెట్టింపవుతుంది. అంటే సగం వరకు అమైనో ఆమ్లంగా కాక, ఆమ్లం తగిలితే అమైనో ఆమ్లంగా మారే పూర్వరూపాల్లో ఉందన్నమాట.

ఆమ్లదశ చేసే నష్టం కూడా తెలిసి ఉండాలి. గ్లుటమిన్ గ్లుటామిక్ ఆమ్లం అవుతుంది, ఆస్పరజిన్ ఆస్పార్టిక్ ఆమ్లం అవుతుంది, ట్రిప్టోఫాన్ నాశనమవుతుంది, సెరిన్ కొంత పోతుంది. కాబట్టి "జలవిశ్లేషణ తర్వాత గ్లుటామిక్ ఆమ్లం" అన్న అంకె రాయిలో అది ఏ రూపంలో ఉండేదో చెప్పదు.

తర్వాతది అందరూ తేలిగ్గా తీసుకుని దెబ్బతినే దశ: ఉప్పులు తీసేయడం. సీఎం తరగతి శిలల్లో కాల్షియం, మెగ్నీషియం సల్ఫేట్లు బాగా ఉంటాయి. వేడినీటి సారాన్ని ఆరబెడితే అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. దాన్ని అలాగే ముందుకు తీసుకెళితే తర్వాతి రసాయన చర్యలో పీహెచ్ పడిపోయి, అమైనో ఆమ్లాలు సగమే స్పందిస్తాయి. అంకెలు తక్కువగా వస్తాయి, పైగా ఒక్కో ఆమ్లానికి ఒక్కోలా తగ్గుతాయి. ఇందుకోసం ఏజీ50 రకం కేటయాన్ మార్పిడి రెజిన్ (ధనావేశం ఉన్నవాటిని పట్టుకునే గుళికలు) నింపిన కాలమ్ వాడతారు. సారం పోసి నీటితో కడిగితే రుణావేశం ఉన్నవి, ఆవేశం లేనివి వెళ్లిపోతాయి. అమైనో ఆమ్లాలు రెజిన్‌కు పట్టుకుని ఉంటాయి. తర్వాత 2 మోలార్ అమోనియా ద్రావణంతో వాటిని దింపుకోవాలి. సీసాలో కొన్న అమోనియా ద్రావణం మీద నమ్మకం పెట్టుకోకూడదు. అమోనియా వాయువును శుద్ధజలంలోకి పంపి అప్పటికప్పుడు తయారుచేసుకుంటే బ్లాంక్‌లో గ్లైసిన్ స్పష్టంగా తగ్గుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని కూడా మళ్లీ స్వేదనం చేసి వాడాలి.

వేరుచేసి గుర్తించడం

1970 నాటి బృందం అమైనో ఆమ్లాలను ఒకే చేతివాటం ఉన్న 2-బ్యూటనాల్‌తో ఎస్టర్లుగా, ట్రైఫ్లోరోఎసిటైల్ రూపాలుగా మార్చి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి పంపింది. అలా చేస్తే డి, ఎల్ రూపాలు వేర్వేరు సమయాల్లో బయటికొస్తాయి. ఇప్పుడు ద్రవ క్రొమటోగ్రఫీలో ఓపీఏ–ఎన్ఏసీ అనే రసాయనాల జంటను (అమైనో ఆమ్లానికి అంటుకుని దాన్ని వెలిగేలా చేసేవి) ఎక్కువగా వాడుతున్నారు. పీహెచ్ 9 బోరేట్ బఫర్‌లో గది ఉష్ణోగ్రత వద్ద 15 నిమిషాలు చర్య జరగనిచ్చి, హైడ్రజిన్‌తో ఆపేస్తారు. వచ్చిన పదార్థం 340 నానోమీటర్ల కాంతిని పీల్చి 450 దగ్గర వెలుగుతుంది. అదే ప్రవాహాన్ని టైమ్-ఆఫ్-ఫ్లైట్ మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి కూడా పంపుతారు. వెలుగు, ద్రవ్యరాశి, బయటికొచ్చిన సమయం మూడూ ప్రామాణిక నమూనాతో కలిస్తేనే పేరు పెట్టాలి.

ఈ పద్ధతికి రెండు లక్షణాలు ఉన్నాయి. ఓపీఏ ప్రాథమిక అమీన్లతోనే (నైట్రోజన్‌కు ఒకే కార్బన్ అంటుకున్నవాటితోనే) చర్య జరుపుతుంది. ప్రోలిన్, సార్కోసిన్ దీనికి కనిపించవు, వాటికి గ్యాస్ క్రొమటోగ్రఫీకి వెళ్లాల్సిందే. రెండోది చాలా పనికొచ్చే లక్షణం. అమైనో గుంపు ఉన్న కార్బన్‌కు హైడ్రోజన్ లేని ఆమ్లాలు, అంటే 2-మిథైల్ అలనిన్, ఐసోవాలిన్ వంటివి, ఓపీఏతో నెమ్మదిగా స్పందిస్తాయి. ఒకే సారాన్ని ఒకసారి 1 నిమిషం, మరోసారి 15 నిమిషాలు చర్య జరిపి చూస్తే, ఎత్తు పెరిగిన శిఖరాలు ఈ కోవకు చెందినవని పసిగట్టొచ్చు.

చిక్కంతా ఐదు కార్బన్ల గుంపులో ఉంది. ఒకే అణుభారం 117 ఉన్న ప్రాథమిక అమైనో ఆమ్లాలు, డి-ఎల్ రూపాలు విడిగా లెక్కిస్తే, 23. వాలిన్, నార్వాలిన్, ఐసోవాలిన్ వీటిలోవే. ద్రవ్యరాశి కొలత వీటిని విడదీయలేదు, కాలమ్ విడదీయాలి. రెండు శిఖరాలు అంటుకుని వస్తే ఎల్-ఐసోవాలిన్ అనుకున్నదాని కింద మరొకటి దాగి ఉండి, లేని ఎల్ ఆధిక్యం కనిపించొచ్చు. కాలమ్ ఉష్ణోగ్రతను, ద్రావణి మిశ్రమాన్ని మార్చి రెండు వేర్వేరు పరిస్థితుల్లో అదే నిష్పత్తి రాకపోతే ఆ అంకెను బయటపెట్టకూడదు. అణుభారం 131 గుంపులో ఇంకో ఉచ్చు ఉంది: నైలాన్-6 విచ్ఛిన్నమైతే వచ్చే 6-అమైనోకాప్రోయిక్ ఆమ్లం. దీని అణుభారం లూసిన్‌తో సమానం. అంటార్కిటికాలో నైలాన్ సంచుల్లో భద్రపరిచిన శిలల్లో ఇది గణనీయంగా దొరికింది. జలవిశ్లేషణ తర్వాత ఒక్కసారిగా పెరిగితే నేరం సంచిదే.

తీర్పు: ఐసోమర్ల వరస

జీవం ఎంపిక చేసుకుంటుంది. నాలుగు కార్బన్ల సాదా అమైనో ఆమ్లాలు ఎన్ని రకాలుగా కుదురుతాయో అన్నీ ప్రొటీన్ల కోసం తయారుచేసుకోదు. మర్చిసన్‌లో అలాంటి ఎంపిక లేదు. కుదిరే ప్రతి అమరికా ఉంది, కార్బన్ల సంఖ్య పెరిగేకొద్దీ పరిమాణం తగ్గుతుంది, కొమ్మలున్న గొలుసులు సూటి గొలుసుల కంటే ఎక్కువ. ఇప్పటికి గుర్తించినవి 70కి పైనే, చాలావరకు భూమ్మీది జీవరసాయనంలో వాడుకలో లేనివి. ఇది విచక్షణ లేని రసాయనశాస్త్రం వదిలే గుర్తు. ఆల్డిహైడ్లు, కీటోన్లు, హైడ్రోజన్ సయనైడ్, అమోనియా నీటిలో కలిసినప్పుడు జరిగే స్ట్రెకర్ చర్యతో చాలావరకు వివరించొచ్చు. ఫార్మాల్డిహైడ్ నుంచి గ్లైసిన్, ఎసిటాల్డిహైడ్ నుంచి అలనిన్, ఎసిటోన్ నుంచి 2-మిథైల్ అలనిన్, మిథైల్ ఇథైల్ కీటోన్ నుంచి ఐసోవాలిన్ వస్తాయి. అదే చర్యలో పక్కదారిగా రావలసిన హైడ్రాక్సీ ఆమ్లాలు కూడా శిలలో ఉండటం ఈ వాదనకు బలం.

అయితే ఏదో ఒక్క అరుదైన ఆమ్లాన్ని పట్టుకుని తీర్పు చెప్పకూడదు. బీటా-అలనిన్, గాబా (గామా-అమైనోబ్యూటిరిక్ ఆమ్లం) మట్టిలోని సూక్ష్మజీవుల పనివల్ల కూడా వస్తాయి. 2-మిథైల్ అలనిన్, ఐసోవాలిన్ కొన్ని బూజుజాతుల పెప్టైడ్లలో ఉన్నాయి. ఎండుగడ్డిలో పడ్డ ముక్క విషయంలో ఇది ఊరికే చెప్పే మాట కాదు. వరస మొత్తంగా చూడాలి.

తీర్పు: కుడి-ఎడమ నిష్పత్తి

ప్రొటీన్లలో ఎల్ రూపమే ఉంటుంది. జీవం ప్రమేయం లేని తయారీలో డి, ఎల్ సమానంగా వస్తాయి. 1970 ఫలితంలో అవి దాదాపు సమానమే. అదే ఆ ప్రకటనకు వెన్నెముక.

ఎల్ ఆధిక్యాన్ని ఎల్ నుంచి డి తీసేసి, రెండింటి మొత్తంతో భాగించి, నూటితో గుణించి చెబుతారు. కాలుష్యం దీన్ని ఎంత సులువుగా మోసగిస్తుందో లెక్క వేసి చూడాలి. శిలలో అలనిన్ గ్రాముకు 1 మైక్రోగ్రాము, అందులో డి 0.5, ఎల్ 0.5 అనుకుందాం. నేల నుంచి 0.1 మైక్రోగ్రాము ఎల్-అలనిన్ చేరింది. ఇప్పుడు ఎల్ 0.6, డి 0.5. ఆధిక్యం 9 శాతం! పదో వంతు మురికి, ఒక సంచలన వార్త. 1982లో మర్చిసన్‌లోని గ్లుటామిక్ ఆమ్లం, ఆస్పార్టిక్ ఆమ్లం, అలనిన్ వంటి వాటిలో ఎల్ ఆధిక్యం ఉందన్న ప్రకటన వచ్చినప్పుడు ఎదురైన అభ్యంతరం ఇదే: ఆధిక్యం ప్రొటీన్ ఆమ్లాల్లోనే కనిపించి, మిగతావాటిలో కనిపించకపోతే మొదట అనుమానించాల్సింది నేలనే.

తీర్పు: ఐసోటోపులు

పై లెక్కలోని మురికిని పట్టించేది కార్బన్-13, అంటే కార్బన్‌లో బరువైన ఐసోటోపు. అంతర్జాతీయ ప్రమాణంతో పోల్చి వెయ్యికి ఎంత తేడా అని చెబుతారు. భూమ్మీది మొక్కల పదార్థం సాధారణంగా −25 చుట్టుపక్కల. మర్చిసన్ గ్లైసిన్, 2-మిథైల్ అలనిన్ +40 ప్రాంతంలో ఉంటాయి. మన ఉదాహరణలో అసలు అలనిన్ +40, చేరిన మురికి −25 అనుకుంటే ఎల్ విలువ (0.5 × 40 − 0.1 × 25) ÷ 0.6, అంటే సుమారు +29. డి మాత్రం +40 దగ్గరే ఉంటుంది. డి, ఎల్ మధ్య 11 తేడా వచ్చిందంటే ఆ 9 శాతం ఆధిక్యం నేలదే. రెండూ ఒకే విలువ చూపిస్తే ఆధిక్యాన్ని నమ్మే దారి తెరుచుకుంటుంది.

ఈ కొలతకు ఒక్కో సమ్మేళనం నానోమోల్ స్థాయిలో కావాలి, కాబట్టి రాయి గ్రాముల్లో ఖర్చవుతుంది. గ్యాస్ క్రొమటోగ్రాఫ్ నుంచి వచ్చే ఒక్కో శిఖరాన్ని కాల్చి కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి కొలుస్తారు. కానీ కాలేది అమైనో ఆమ్లం ఒక్కటే కాదు, దానికి తగిలించిన గుంపులు కూడా. గ్లైసిన్‌ను ట్రైఫ్లోరోఎసిటైల్ ఐసోప్రొపైల్ ఎస్టర్‌గా మారిస్తే మొత్తం 7 కార్బన్లు, అందులో గ్లైసిన్‌వి 2 మాత్రమే. కొలతలో 0.5 పొరపాటు గ్లైసిన్ విలువకు వచ్చేసరికి 1.75 అవుతుంది. విలువ ముందే తెలిసిన ప్రామాణిక గ్లైసిన్‌ను అదే రోజు, అదే సీసాలోని రసాయనాలతో నడిపి దిద్దుబాటు చేయకపోతే అంకెకు విలువ లేదు.

డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) సాక్ష్యం ఇంకా బలమైనది. 1987లో మర్చిసన్ అమైనో ఆమ్లాల మొత్తం భాగంలో కొలిచిన విలువ వెయ్యికి +1370. అంటే సముద్రజల ప్రమాణానికి 2.37 రెట్లు. భూమ్మీద ఏ జీవిలోనూ ఇలాంటిది ఉండదు. అతిశీతల నక్షత్రాంతర మేఘాల్లో హైడ్రోజన్ బదులు డ్యుటీరియం అణువుల్లో చిక్కుకునే రసాయనం ఈ ఆమ్లాల పూర్వరూపాలకు మూలమన్న వాదన దీనిమీదే నిలిచింది.

ఐసోవాలిన్ ముడి

ఐసోవాలిన్‌లో అమైనో గుంపున్న కార్బన్‌కు హైడ్రోజన్ లేదు. అందువల్ల నీటిలో కోట్ల ఏళ్లు నానినా డి, ఎల్ ఒకదానిలోకి ఒకటి తేలికగా మారవు. మొదట ఏ నిష్పత్తి ఏర్పడితే అది నిలుస్తుంది. 1997లో జాన్ క్రోనిన్, శాండ్రా పిజ్జరెల్లో ఈ తరహా ఆమ్లాల్లోనే 2 నుంచి 9 శాతం ఎల్ ఆధిక్యం చూపించారు. 2009లో డానియల్ గ్లావిన్, జేసన్ డ్వార్కిన్ మర్చిసన్ ఐసోవాలిన్‌లో సుమారు 18 శాతం కొలిచారు. నీటి ప్రభావం ఎక్కువగా ఉన్న శిలల్లో ఆధిక్యం పెద్దదిగా ఉందనీ, అతితక్కువగా మారిన అంటార్కిటికా సీఆర్ (మరో కార్బనేషియస్ తరగతి) శిలల్లో అది కనిపించలేదనీ వారు చూపించారు. నా అభిప్రాయంలో ఈ మొత్తం కేసులో అన్నిటికంటే విలువైన కొలత ఇదే. ఏదో చిన్న అసమతుల్యత మొదలైతే గ్రహశకలంలోని నీరు దాన్ని పెంచిందన్న దిశలో అది చూపుతోంది. ఆ మొదలు ఏమిటన్నది ఇంకా తేలలేదు.

2023 సెప్టెంబరు 24న బెన్నూ గ్రహశకలం నుంచి 121.6 గ్రాములు నేలకు చేరాయి. గాలీ మట్టీ తగలని ఆ సరుకులో, 2025 జనవరిలో వెలువడిన ఫలితాల ప్రకారం, ప్రొటీన్లలోని 20 అమైనో ఆమ్లాల్లో 14 ఉన్నాయి, డి-ఎల్ మాత్రం దాదాపు సమానం. మర్చిసన్ జాబితాను ఇది బలపరిచింది. ఎల్ ఆధిక్యం అన్ని చోట్లా ఉంటుందన్న ఆశను మాత్రం వెనక్కి నెట్టింది.

న్యూక్లియోబేసులు (డీఎన్ఏ, ఆర్ఎన్ఏల అక్షరాల కోవకు చెందినవి), చక్కెరల గురించి ఒక్క జాగ్రత్త చెప్పాలి. 2008లో మర్చిసన్ యురాసిల్, జాంథిన్‌ల కార్బన్ విలువలు +44.5, +37.7 అని తేలింది. సైటోసిన్, థైమిన్ మాత్రం 2022 దాకా దొరకలేదు. సైటోసిన్ వేడి ఆమ్లంలో అమోనియా కోల్పోయి యురాసిల్‌గా మారిపోతుంది. చల్లని నీటితో మృదువుగా సారం తీశాకే అది కనిపించింది. అమైనో ఆమ్లాలకు సరిపడే పద్ధతితోనే అన్నిటినీ వెతికితే సారం తీసేటప్పుడే కొన్నిటిని చంపేస్తాం. రైబోజ్ 2019లో దొరికింది.

కొత్త శిల పడినప్పుడు

రాజస్థాన్‌లో జైపూర్ దగ్గరి ముకుంద్‌పురాలో 2017 జూన్ 6న పడిన శిల ఈ సీఎం తరగతిదే. ఇలాంటిది ఎక్కడ పడినా మొదటి కొన్ని గంటలే ప్రధానం, ఎందుకంటే మెత్తని శిల తేమను స్పంజిలా పీల్చుకుంటుంది. చేత్తో ముట్టకూడదు, కడగకూడదు, అయస్కాంతం ఆనించకూడదు (అయస్కాంతం సేంద్రియాన్ని పాడుచేయదు, శిలలోని పాత అయస్కాంత రికార్డును చెరిపేస్తుంది). శుభ్రమైన అల్యూమినియం రేకులో చుట్టాలి. నైలాన్ సంచి, జిప్ కవరు, వార్తాపత్రిక, దూది వద్దు. మైనస్ 20 డిగ్రీల వద్ద ఉంచాలి. మన దేశంలో ఇలాంటి శిలల బాధ్యత జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాది. పడిన చోటి మట్టిని శిల కింద నుంచి ఒకటి, కొంచెం దూరం నుంచి ఒకటి చొప్పున రెండు నమూనాలు విడిగా తీసి, పైన రాసిన ప్రతి దశలోనూ శిలతో పాటే నడపాలి. మట్టిలో సెరిన్, గాబా, ఎల్-గ్లుటామిక్ ఆమ్లం ఎంత నిష్పత్తిలో ఉన్నాయో తెలిస్తే, శిలలో కనిపించినదానిలో నేల వాటా ఎంతో లెక్కకట్టొచ్చు.